ఏ భయాన్ని దాటాలి, ఏ భయం మాట వినాలి

నాకు తెలిసిన, నాలాగే మానసిక చికిత్స చేసే థెరపిస్టుల్లో చాలామందికి ఒక కోరిక ఉంది. ఉద్యోగం మానకుండా, పక్కన సొంతంగా ఏదో ఒకటి నడపాలని. ఒకరు స్టేజి భయం ఉన్నవాళ్లకు వర్క్‌షాప్ పెట్టాలనుకుంటారు. ఇంకొకరు జూనియర్లకు సూపర్‌విజన్, అంటే వాళ్లు చూసే కేసుల్లో మార్గదర్శనం, ఇవ్వాలనుకుంటారు. మరొకరి దగ్గర, తల్లిదండ్రులు విడిపోయిన పిల్లల కోసం తయారుచేస్తున్న అభ్యాసాల పుస్తకం సగం రాసి ఉంటుంది. ఎప్పుడు మొదలుపెడతారని అడిగితే మాత్రం దాదాపు అందరి నోటా ఒకటే మాట: "ఇంకొంచెం ధైర్యం రానివ్వండి."

ఇదే మాట ఎదురు కుర్చీలో కూర్చున్న క్లయింట్ అంటే మనం ఒప్పుకోం. లిఫ్ట్ అంటే భయపడే మనిషి "భయం పోయాక ఎక్కుతాను" అన్నాడనుకోండి, ఎక్కుతూ ఉంటేనే పోతుందని నిదానంగా చెబుతాం. అవసరమైతే పక్కన నిలబడి ఎక్కిస్తాం. మన సంగతికి వచ్చేసరికి ఆ పాఠం పనిచేయదు. తెలియక కాదు. మన భయాల్లో కొన్ని నిజంగానే వినాల్సినవి ఉన్నాయి. వినాల్సినవీ వినక్కర్లేనివీ కలిసిపోయి, ఏది ఏదో తేలకుండా కూర్చుంటాయి. వాటిని విడదీయకుండా "ధైర్యం చెయ్" అన్నా ప్రయోజనం లేదు, "జాగ్రత్త" అన్నా ప్రయోజనం లేదు. నేను క్లినిక్‌లో ఉద్యోగం చేస్తూనే నిద్రలేమితో బాధపడేవాళ్లకు ఒక చిన్న బృంద తరగతి నడుపుతున్నాను. ఈ విడదీసే పని నాకు అక్కడే తెలిసొచ్చింది.

ముందు దాటాల్సిన భయం సంగతి చూద్దాం.

1947లో మౌరర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త భయాన్ని రెండు అంచెల్లో వివరించాడు. మొదట ఏదో ఒక సందర్భానికి భయం అతుక్కుంటుంది. తర్వాత దాన్నుంచి తప్పుకున్న ప్రతిసారీ ప్రాణం కుదుటపడుతుంది, ఆ కుదుటపడటం వల్ల తప్పుకోవడమే అలవాటవుతుంది. తప్పుకుంటున్నంత కాలం, మనం భయపడ్డది అసలు జరుగుతుందో లేదో తెలుసుకునే అవకాశం రాదు. వర్క్‌షాప్ గురించి నాలుగు వాక్యాలు రాసి, ఎవరికీ పంపకుండా ఫోన్‌లోనే దాచుకున్న థెరపిస్టుకు ఆ సాయంత్రం హాయిగా ఉంటుంది. మర్నాడు అదే సందేశం పంపడం ఇంకాస్త కష్టమవుతుంది. ధైర్యం వచ్చేదాకా ఆగుదామనుకున్న మనిషికి ధైర్యం రాకపోగా, ఉన్నది కూడా తగ్గుతుంది.

మనవాళ్లు తప్పుకునే తీరు బయటికి తప్పుకోవడంలా కనిపించదు. అదే చిక్కు. 1991లో పాల్ సాల్కోవ్‌స్కిస్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త రక్షణ కోసం చేసే చిన్నచిన్న పనుల గురించి రాశాడు. గుండె ఆగిపోతుందేమోనని భయపడే మనిషి గోడ పట్టుకుని నిలబడతాడు. ఏమీ జరగదు. కానీ జరగకపోవడానికి కారణం ఆ గోడేనని అతను నమ్ముతాడు. మన వృత్తిలో ఆ గోడ పేరు సర్టిఫికెట్. ఒక కోర్సు అయ్యాక ఇంకో కోర్సు, అది అయ్యాక దాని అడ్వాన్స్‌డ్ కోర్సు. వెబ్‌సైట్ రంగు మారుస్తూ కూర్చోవడం కూడా ఇలాంటిదే. మొదటి ఏడాదంతా ఉచితంగానే చేస్తాననడం కూడా ఇలాంటిదే, దాన్ని సేవ అని పిలుచుకుంటాం కాబట్టి పట్టుకోవడం ఇంకా కష్టం.

చదువు వద్దని నా ఉద్దేశం కాదు. చాలీచాలని చదువుతో మనుషుల మనసుల్లో వేలు పెట్టడం ఘోరం. అందుకే నా దగ్గరికొచ్చే జూనియర్లను ఒక ప్రశ్న అడుగుతాను: ఈ కోర్సులో ఫలానా విషయం నేర్చుకుంటే ఫలానా రకం క్లయింట్‌ను చూడగలను అని ఒక్క వాక్యంలో చెప్పగలవా? చెప్పగలిగితే ఆ కోర్సు కావాల్సిందే. "ఉంటే మంచిది కదా మేడమ్" అన్న జవాబు వస్తే అది గోడ పట్టుకోవడమే.

మరి దాటడం ఎలా? మనకు తెలిసిన దారే. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఇంకా మూడేళ్లు నిండని పీటర్ అనే పిల్లవాడితో చేసిన పని అందరం చదువుకున్నాం. వాడికి కుందేలంటే హడల్. వాడు ఇష్టమైనది తింటూ ఉండగా కుందేలును దూరంగా ఉంచి, రోజురోజుకూ కాస్త దగ్గరికి జరిపారు. భయపడని పిల్లల్ని కూడా పక్కన ఆడుకోనిచ్చారు. చివరికి వాడే కుందేలును నిమిరాడు. తర్వాత దక్షిణాఫ్రికా సైకియాట్రిస్ట్ జోసెఫ్ వోల్పే ఈ పద్ధతికి ఒక క్రమం ఇచ్చాడు. భయపెట్టే సందర్భాలను మెట్లుగా పేర్చాలి, ఒక్కొక్కదానికి 0 నుంచి 100 మధ్య ఎంత భయమో అంకె వేయాలి, కింది మెట్టు నుంచి మొదలుపెట్టాలి.

మా క్లినిక్‌లో ఒక జూనియర్ సహోద్యోగి స్టేజి భయం మీద వర్క్‌షాప్ పెట్టాలనుకుంది. ఇద్దరం కూర్చుని ఆమె మెట్లు రాశాం. ఎక్కువ భయం ఫీజు దగ్గరే ఉంటుందని నేననుకున్నాను. ఆమె అన్నిటికన్నా పైమెట్టు మీద పెట్టింది తనకు పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ ఆ ప్రకటన చూడటం. కింది మెట్టు, ఒక స్నేహితురాలికి సంగతి చెప్పడం. మధ్యలో, పరిచయమున్న డాక్టర్‌కు ఉత్తరం రాయడం, తెలియని మనిషి ఫోన్ చేస్తే ఫీజు చెప్పడం. మెట్లు కాగితం మీద పెట్టాక ఆమె మొహంలో కాస్త తేటదనం వచ్చింది. "సైడ్ బిజినెస్ అంటే భయం" అన్నది ఎవరూ ఏమీ చేయలేని మాట. "ప్రొఫెసర్ చూస్తే 90" అన్నదానితో ఏదో ఒకటి చేయొచ్చు.

ఫీజు మెట్టును మేమిద్దరం ఆడి చూశాం. నేను ఫోన్ చేసిన మనిషిని.

"మీ వర్క్‌షాప్‌కి ఫీజు ఎంతండీ?"

ఆమె అంకె చెప్పింది. చెప్పిన మరుక్షణమే, ఊపిరి కూడా తీసుకోకుండా, "అంటే మీకు ఇబ్బందైతే తగ్గించొచ్చు, ముందు వచ్చి చూడండి, నచ్చితేనే ఇవ్వండి" అనేసింది. నేను ఇబ్బంది అని ఎక్కడా అనలేదు. మళ్లీ ఆడాం. ఈసారి ఒకటే నియమం: అంకె చెప్పాక నేను మాట్లాడేదాకా తను మాట్లాడకూడదు. అంకె చెప్పింది. నేను కావాలనే ఆగాను. ఆమె పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. సెషన్‌లో క్లయింట్ మౌనంగా ఉంటే ఎంతసేపైనా ఓపికగా కూర్చోగల మనిషి, తన ఫీజు చెప్పాక కొన్ని క్షణాలు ఆగలేకపోయింది. అప్పుడు నేను "సరేనండీ, ఎప్పుడు మొదలవుతుంది?" అన్నాను. ఆమె నన్ను అలా చూస్తూ ఉండిపోయింది. మౌనం తర్వాత తిరస్కారం తప్ప ఇంకేదైనా రావచ్చని ఆమె అప్పటిదాకా అనుకోలేదు.

డబ్బు గురించి మన వృత్తిలో ఈ బెరుకు కొత్తది కాదు. 1913లో చికిత్స ఎలా మొదలుపెట్టాలో రాస్తూ ఫ్రాయిడ్ దీన్ని ఎత్తుకున్నాడు. నాగరికులు డబ్బు విషయాలను లైంగిక విషయాల్లాగే దాపరికంతో, కపటంతో చూస్తారని, వైద్యుడు మాత్రం రెండిటి గురించీ దాచకుండా మాట్లాడాలని అన్నాడు. ఫ్రాయిడ్‌తో నాకు చాలా విషయాల్లో పేచీ ఉంది గానీ ఇక్కడ ఆయన మాట నిజం. సిగ్గు లేకుండా మనసు విప్పమని క్లయింట్‌ను అడిగే మనిషి, ఫీజు అడిగితే నీళ్లు నమిలితే, ఆ గదిలో ఫలానా సంగతి మాట్లాడకూడదని చెప్పకనే చెప్పినట్టవుతుంది.

ఇవ్వలేనివాళ్లకు తగ్గించవద్దా? తప్పకుండా తగ్గించాలి. నా తరగతిలో ప్రతిసారీ కొన్ని చోట్లు తక్కువ ఫీజుకు ఉంటాయి, ఆ సంగతి ప్రకటనలోనే రాసి ఉంటుంది. ఎన్ని చోట్లన్నది ముందే కూర్చుని లెక్క వేసుకుంటాను. ఫోన్‌లో గొంతు వణికి తగ్గించే ఫీజు వేరు. అది గట్టిగా బేరమాడేవాళ్లకు దక్కుతుంది. నిజంగా అవసరమున్న మనిషి అడగడానికి మొహమాటపడి ఫోన్ పెట్టేస్తాడు.

భయాన్ని దాటడం గురించి అమెరికన్ మనస్తత్వవేత్త ఆల్బర్ట్ ఎల్లిస్ తన కథ తానే చాలాసార్లు చెప్పుకున్నాడు. 19 ఏళ్ల వయసులో అతనికి అమ్మాయిలతో మాట్లాడాలంటే వణుకు. ఒక వేసవిలో న్యూయార్క్ బ్రాంక్స్‌లోని బొటానికల్ గార్డెన్‌కు రోజూ వెళ్లి, బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న ప్రతి అమ్మాయితోనూ మాటలు కలపాలని నియమం పెట్టుకున్నాడు. 130 మంది కనిపించారు. 30 మంది లేచి వెళ్లిపోయారు. మిగిలిన 100 మందితో మాట్లాడాడు. ఒక్క అమ్మాయి మాత్రం మళ్లీ కలుస్తానంది, ఆమె కూడా రాలేదు. ఫలితం చూస్తే సున్నా. కానీ ఎవరూ కొట్టలేదు, పోలీసుల్ని పిలవలేదు, ఆ భయం మాత్రం పోయింది. ఆ ఎల్లిస్సే తర్వాత 1965 నుంచి న్యూయార్క్‌లో శుక్రవారం రాత్రులు హాలు నిండా జనం ముందు, వేదిక మీదికి వచ్చిన వాళ్లతో మాట్లాడుతూ తన పద్ధతి చూపించేవాడు.

ఈ కథలో నాకు నచ్చేది ఆ సున్నానే. సొంత పని మొదలుపెట్టేవాళ్లు మొదటి బృందం నిండితే భయం పోతుందని, నిండకపోతే పెరుగుతుందని అనుకుంటారు. నా మొదటి ప్రకటనకు వచ్చినవాళ్లు బృందం అనడానికి సరిపడా లేరు. వచ్చినవాళ్లతోనే నడిపాను. ఖాళీ కుర్చీలు కళ్లముందే ఉన్నా తరగతి జరుగుతుందని, పాఠం పాఠంలాగే ఉంటుందని ఒంటికి తెలిసింది. నాకు కావాల్సింది ఆ తెలియడమే.

ఇక రెండో రకం భయం. వ్యాపారం ఎలా చేయాలో నేర్పేవాళ్లతో నేను విడిపోయేది ఇక్కడే.

"భయాన్ని లెక్కచేయకు, దూకెయ్, మిగతాది తర్వాత చూసుకోవచ్చు" అన్న సలహా బట్టలమ్మేవాళ్లకు పనికొస్తుందేమో. మన పనిలో దూకితే దెబ్బ తగిలేది మనకు కాదు. నా నిద్ర తరగతినే తీసుకోండి. దీర్ఘకాలపు నిద్రలేమికి మందులకన్నా ముందు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్స) ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. అందులో రెండు ముఖ్యమైన పనులున్నాయి. ఒకటి 1972లో రిచర్డ్ బూట్‌జిన్ చెప్పింది: నిద్ర వస్తేనే మంచమెక్కాలి, పట్టకపోతే లేచిపోవాలి, పొద్దున ఒకే సమయానికి లేవాలి. రెండోది 1987లో ఆర్థర్ స్పీల్‌మన్, ఆయన సహచరులు చెప్పింది: మంచం మీద గడిపే సమయాన్ని, నిజంగా నిద్రపోతున్న సమయం దగ్గరికి కుదించాలి. రాత్రి ఎనిమిదిన్నర గంటలు మంచం మీద దొర్లి ఆరు గంటలే నిద్రపోయే మనిషి, కొన్నాళ్లు ఆరు గంటలే మంచం మీద ఉండాలి. నిద్ర గట్టిపడేకొద్దీ కొంచెం కొంచెంగా పెంచుకోవాలి.

ఇది బాగా పనిచేసే పద్ధతి. బృందంలో కూడా నేర్పొచ్చు, అందుకే ఎంచుకున్నాను. కానీ మొదటి వారాల్లో పగలు నిద్ర ముంచుకొస్తుంది. బైపోలార్ అనే మానసిక జబ్బు ఉన్న మనిషికి నిద్ర తగ్గితే మేనియా, అంటే అదుపు తప్పిన ఉద్రేకం, రేగవచ్చు. మూర్ఛ ఉన్న మనిషికి ఫిట్స్ రావచ్చు. రాత్రంతా లారీ నడిపే మనిషి సంగతి చెప్పనక్కర్లేదు. గట్టిగా గురకపెడుతూ నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడే మనిషి ముందు వెళ్లాల్సింది డాక్టర్ దగ్గరికి, నా తరగతికి కాదు. మొదలుపెట్టే ముందు నాకు కడుపులో తిప్పినంత పనైంది. ఎవరికైనా ఏమైనా అయితే? ఆ భయం మీద మెట్లు కట్టి, అలవాటు చేసుకుని, 0కి దించడం నేరం. అది నా పని నాకు గుర్తుచేస్తోంది.

దాన్ని ఏం చేయాలంటే, నియమంగా మార్చాలి. చేరే ప్రతి మనిషితోనూ ముందు విడిగా మాట్లాడతాను. పైన చెప్పినవన్నీ అడుగుతాను. ఎవరికి ఈ తరగతి పనికిరాదో వాళ్లకు ఎక్కడికి వెళ్లాలో చెప్పి పంపుతాను, చోటు ఖాళీగా ఉన్నా సరే. ఇది పాఠం చెప్పే తరగతేనని, వ్యక్తిగత థెరపీ కాదని కాగితం మీద రాసిస్తాను. తరగతి మధ్యలో ఎవరైనా చచ్చిపోవాలనుందని చెబితే ఆ సాయంత్రం నేను చేయాల్సిన పని ముందే రాసి పెట్టుకున్నాను. ఇవన్నీ పెట్టాక ఆ భయం పూర్తిగా పోలేదు, పోకూడదు కూడా. కానీ రాత్రిళ్లు నన్ను లేపడం మానేసింది.

రెండు భయాలూ ఒంట్లో ఒకలాగే ఉంటాయి. అదే దడ, అదే టెన్షన్, అదే అరచేతుల చెమట. ఎంత గట్టిగా ఉందన్నదాన్ని బట్టి ఏది ఏదో తేల్చలేం. నేను చూసేది భయం ఎవరి గురించి అన్నది. "నన్ను చూసి ఏమనుకుంటారో" అన్నది నా గురించి. "ఆ మనిషికి ఏమవుతుందో" అన్నది ఆ మనిషి గురించి. మొదటిదైతే మెట్లెక్కుతాను. రెండోదైతే ఆగి, నియమం రాసుకుంటాను. కొన్నిసార్లు మొదటిది రెండోదాని వేషం వేసుకొస్తుంది. "క్లయింట్లకు మంచిది కాదేమో" అంటూ మొదలై, కాస్త తవ్వితే "ప్రొఫెసర్ ఏమంటారో" దగ్గర తేలుతుంది. అందుకే ఈ తవ్వకం ఒంటరిగా చేయకూడదంటాను. పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు 1978లో, ఎంత సాధించినా తాము అందుకు తగమని లోలోపల నమ్మే మహిళల గురించి రాసినప్పుడు, అలాంటివాళ్లు బృందంలో కూర్చుని మాట్లాడుకోవాలని గట్టిగా సూచించారు. మేం నలుగురైదుగురం నెలకోసారి కూర్చుంటాం. ఎవరి భయం వాళ్లు చెబుతారు, మిగతావాళ్లు అది ఏ రకమో అడిగి తేలుస్తారు. పక్కవాళ్ల భయం ఏ రకమో ఇట్టే తెలిసిపోతుంది.

ప్రచారం దగ్గర కూడా ఈ తేడా పనికొస్తుంది. మిగతా వ్యాపారాల్లో సంతోషించిన కస్టమర్ చేత రెండు మంచి మాటలు రాయించుకుంటారు. మనకు ఆ దారి మూసి ఉంది. థెరపీలో ఉన్న క్లయింట్లను అలాంటి ప్రశంసలు అడగకూడదని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నైతిక నియమావళి స్పష్టంగా చెబుతుంది. మన మీద ఆధారపడిన మనిషి కాదనలేడు, రాస్తే తన రహస్యం తానే బయటపెట్టుకున్నట్టవుతుంది. కాబట్టి "రివ్యూలు లేవే" అన్న బెంగ పెట్టుకోవద్దు. మన దగ్గరికి మనుషులొచ్చే దారులు వేరే ఉన్నాయి: డాక్టర్లు, తోటి థెరపిస్టులు, నాలుగు చోట్ల మాట్లాడటం, అర్థమయ్యేలా రాయడం. క్లినిక్‌లో నేను చూసే క్లయింట్లను నా తరగతికి పిలవను. తరగతి సంగతి క్లినిక్ యాజమాన్యానికి ముందే రాతపూర్వకంగా చెప్పాను. ఫోన్ నంబరు వేరు, రికార్డులు వేరు.

థెరపిస్టుకు వ్యాపారమేమిటని అడిగే పెద్దవాళ్లున్నారు. వాళ్ల అనుమానంలో ప్రేమ ఉంది, అందుకే జవాబు చెప్పాలనిపిస్తుంది. ఒక గంటకు ఒక మనిషి అన్న లెక్కతో మనం చేరగలిగేది కొద్దిమందిని. గది గడప తొక్కడానికే జంకేవాళ్లు ఎంతమందో. పిల్లల డాక్టరూ మానసిక విశ్లేషకుడూ అయిన వినికాట్ 1943 నుంచి 1962 దాకా బీబీసీ రేడియోలో తల్లులతో మాట్లాడాడు. ఆయన గదికి ఎన్నడూ రాని ఎందరో తల్లులు ఇంట్లో కూర్చుని విన్నారు. గది బయట చేసే పని గదిలో పనిని పలచన చేయదు. నా తరగతికి వచ్చేవాళ్లలో చాలామంది "కౌన్సెలింగ్ అయితే వచ్చేదాన్ని కాదు, క్లాసన్నారు కాబట్టి వచ్చాను" అంటారు. ఇక డబ్బంటారా, జీతం మీదే పూర్తిగా ఆధారపడిన థెరపిస్టు, క్లయింట్లకు చెడు జరుగుతున్న చోట కూడా నోరెత్తలేకపోవడం నేను చూశాను.

చివరిగా వినాల్సిన భయం ఇంకొకటి మిగిలింది, అది మన ఒంటి గురించి. "ఇంత పని నేను మోయగలనా" అన్న భయాన్ని పిరికితనంలో కలిపేయకండి. మనం ఇప్పుడు బర్నౌట్ అంటున్న అలసటను 1974లో ఒక పరిశోధన పత్రికలో వర్ణించిన మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ దాన్ని తన ఒంట్లోనే చూశాడు. పగలంతా సొంత ప్రాక్టీసు, తర్వాత రాత్రి పొద్దుపోయేదాకా న్యూయార్క్‌లోని ఒక ఉచిత క్లినిక్‌లో పని. ఆయన చేసింది మంచి పనే. మంచి పనైనంత మాత్రాన ఒళ్లు ఊరుకోలేదు. సైడ్ బిజినెస్ అంటే ఉన్న పని పైన ఇంకో పని ఎత్తుకోవడం అనుకుంటే మనకూ అదే జరుగుతుంది. నేను తరగతి మొదలుపెట్టే ముందు క్లినిక్‌లో ఒక సాయంత్రం సెషన్లు తగ్గించమని అడిగాను. ఆ మేరకు జీతం తగ్గింది, మొదట్లో తరగతి ఆ లోటును పూడ్చలేదు. అయినా ఆ సాయంత్రం లేకుండా ఇది నడిచేది కాదు. మా జూనియర్ కూడా ఇప్పుడు యాజమాన్యాన్ని అదే అడగబోతోంది. ఆమె మెట్ల కాగితంలో ఈ మెట్టు మొదట లేదు, మొన్న చేర్చింది. దానికి 70 వేసుకుంది.